గోడమీది పాతకాలపు దేశపటములు



మన భాషలో పటమనగా దేశపటమును అగును, చట్రము కట్టి గోడకు తగిలించిన బొమ్మయు నగును. ఈ రెండర్థములును కలిసిన వస్తువును గూర్చి నేడు మనవి చేయుదును. రెండుమూడువందల యేండ్ల క్రిందట అచ్చైన దేశపటములకు నకళ్లు తీయించి, అద్దము బిగించి, చావడిలో అలంకారముగా నుంచుకొను వాడుక నేడు పలుచోట్ల కలదు.

వాడుక పాతదే. 17వ శతాబ్దిలో హాలెండు గృహస్థులు పెద్ద పటములను గుడ్డకంటించి, మీదను క్రిందను కఱ్ఱలు కట్టి గోడకు వ్రేలాడదీసెడివారు. ఆ కాలపు చిత్రకారుడు వెర్మీరు వ్రాసిన గదులలో ఇట్టివి పలుమారు కన్పించును. ఒక సైనికాధికారియు, నవ్వుచున్న పడుచును కూర్చున్న చిత్రములో, వెనుక గోడమీద బ్లావు అనునతడు ప్రకటించిన హాలెండు పటమున్నది. అది అచ్చుపటమే యైనను, నేడు మిగిలినట్లు తెలిసిన ప్రతి హోర్న్ పట్టణపు ప్రదర్శనశాలలోని దొక్కటే. గోడపటముల గతి సాధారణముగా నిట్టిదే: వెలుతురునకు వెలిసి, పొగకు నల్లబడి, చెమ్మకు చివికిపోవును. పుస్తకములలో కుట్టిన పటములు చీకటిలో నుండి బ్రదికినవి. కావున నకలని చిన్నచూపు చూడవలదు, గోడకెక్కవలసినది అదియే.

ఏ పటమును ఎన్నుకొనవలెను? టాలమీ ననుసరించిన పటములలో మన ద్వీపకల్పము చొచ్చుకొనియే రాదు. సింహళము మాత్రము కొండంత. చూడ వినోదమే. 17వ శతాబ్ది పటములలో గోలకొండ, మచిలీపట్టణముల పేర్లు పరదేశుల చెవికి వినబడినట్లు వ్రాయబడియుండును. మనవారికి అవి ముచ్చట గొలుపును.

ఎక్కువ యోచింపవలసినది రెన్నెలు దొర 1782లో లండనులో ప్రకటించిన హిందూస్థాన పటము. ఇతడు బెంగాలులో సర్వేయరు జనరలుగా నుండినవాడు. పటములో నొక బొమ్మ కలదు. బ్రిటానియా యను స్త్రీమూర్తికి పండితులు తమ శాస్త్రగ్రంథముల నప్పగించుచుందురు. ఆమె ఆనుకొన్న పీఠముమీద ఇంగ్లీషువారి విజయములు చెక్కియుండును. 1781లో హైదరాలీపై గెలిచిన పోర్టోనోవో, షోలింగరు యుద్ధములను ఒక సిపాయి తోడి సిపాయికి చూపుచుండును. ఈ బొమ్మను వేయించినవారు పండితులు కారని వేరుగ చెప్పనేల?

అట్లని ఆ భాగమును కప్పి పటము కట్టించుట నాకు సమ్మతము కాదు. నదులను కొలిచినవాని శ్రమయు, నేలను గెలిచినవారి అతిశయమును ఒక్క కాగితముమీదనే యున్నవి. "ఆ అయ్యవారు పుస్తకమెందు కిచ్చుచున్నారు?" అని పిల్లవాడడిగినచో చెప్పగలవా రింట నుండవలెను. లేనిచో అది వట్టి సొగసై, బొమ్మ చెప్పినదే నిజమని పిల్లవాడు నమ్మును.

ఇక కట్టించు విధము. అద్దమునకును కాగితమునకును నడుమ అట్టచుట్టు పెట్టింపుడు. లేనిచో వానకాలమున కాగితము అద్దమున కంటుకొనును. చట్రము వెనుక నాలుగు మూలల చిన్న కొయ్యముక్కలు అంటించినచో గాలి యాడును. ఏట రెండుమారులైన దించి, చెదలు గాని రామబాణపు పురుగు గాని చేరెనేమో చూడుడు. పడమటి కిటికీ యెండ తగులని గోడ చూచి, పిల్లలు చదువగల యెత్తున మేకు కొట్టింపుడు.