దూరపు గొంతు కోసం

ఒకప్పుడు కొలంబో నుంచి సిలోన్ రేడియో తెలుగు పాటలు మన ఇళ్లల్లో వినిపించేవి. సముద్రం దాటి ఆ పాట మన పెరట్లోకి ఎలా వచ్చింది? షార్ట్‌వేవ్ తరంగాలు పైకి వెళ్లి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున అయనావరణం అనే పొరలో వంగి, తిరిగి నేలకు దిగుతాయి. నేలను తాకి మళ్లీ లేస్తాయి. అలా ఖండాలు దాటేస్తాయి.

ఆ పొరను తయారుచేసేది సూర్యుడు. కాబట్టి ఏ రోజు ఏది వినిపిస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేం. పగలు 90 కిలోమీటర్లలోపు ఉండే కింది పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. పొద్దుగూకితే అది చెదిరిపోయి, ఆ తక్కువ ఫ్రీక్వెన్సీల్లోని 49 మీటర్ల బ్యాండ్ నిండుగా పలుకుతుంది. సూర్యుడిపై పెద్ద జ్వాల లేచిందంటే, పగటివైపు స్టేషన్లన్నీ ఒక్కసారిగా మాయం! 11 ఏళ్లకోసారి వచ్చే సూర్యమచ్చల ఉద్ధృతిలో మాత్రం పై ఫ్రీక్వెన్సీల బ్యాండ్లకు పండగే.

నాకు సంధ్యావేళ ఇష్టం. చీకటీ వెలుగూ కలిసే గీత వెంబడి, మామూలుగా అందని స్టేషన్లు కాసేపు తేలివస్తాయి. గరగరల మధ్య ఓ తెలియని భాష. స్టేషన్ పేరు చెబుతారేమోనని ఊపిరి బిగబట్టి వింటాం, సరిగ్గా అప్పుడే గొంతు సన్నగిల్లుతుంది. మర్నాడు మళ్లీ కూర్చుంటాం.

విన్నది నిజమని ఎలా తెలుస్తుంది? సమయం, ఫ్రీక్వెన్సీ, విన్న కార్యక్రమం వివరాలు రాసి ఆ స్టేషన్‌కే ఉత్తరం పంపాలి. సరిపోలితే, విన్నది నిజమేనని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డు వస్తుంది. చాలా దేశాలు షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేశాయి, అది నాకు బాధే. అయినా అమెరికాలోని కొలరాడో నుంచి సమయం చెప్పే స్టేషన్ డబ్ల్యూడబ్ల్యూవీ 10 మెగాహెర్ట్జ్ మీద సెకన్లు లెక్కపెడుతూనే ఉంది. ఈ రాత్రి వెతికి చూడండి.