రాత్రి డ్యూటీ, దేహంలోని గడియారం: పరిశోధక విద్యార్థుల కృషి మనకు నేర్పునది

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి తరగతులలో మనం సాధారణంగా వేతన సంఘాల సిఫార్సులను, కరువు భత్యపు లెక్కలను, క్రమశిక్షణ నియమావళిని చర్చిస్తూ ఉంటాము. నేడు వేరొక విషయాన్ని మీ ముందుంచదలచాము. మానవ దేహాన్ని గురించి, నిద్రను గురించి, మనస్సును గురించి విశ్వవిద్యాలయాలలోని పరిశోధక విద్యార్థులు సాగించిన కృషి ఆ విషయం. ప్రయోగశాలకూ మనకూ ఏమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చును. రాత్రి మూడు గంటలకు ఇంజనులో సిగ్నలు కోసం కళ్ళు చించుకొని చూచే లోకో పైలట్‌కు, ప్యానెల్ ముందు కూర్చున్న స్టేషన్ మాస్టరుకు, గేటు వద్ద ఒంటరిగా నిలిచిన గేట్‌మన్‌కు, ఆర్.ఎం.ఎస్. నైట్ సెట్‌లో సంచులు విప్పే సార్టరుకు ఆ కృషితో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. అది ఏమిటో వివరించుటకే ఈ ప్రయత్నం.

ముందుగా మా స్వంత లోపం ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. చాలా సంవత్సరాల క్రితం మా బ్రాంచి సభ్యుడైన ఒక గేట్‌మన్ వరుసగా రాత్రి డ్యూటీలు చేస్తూ, ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటల వేళ కునుకు తీశాడు. గేటు వేసియే ఉన్నది. ప్రమాదం ఏదీ జరుగలేదు. కాని ఫోను మ్రోగినప్పుడు అతడు ఎత్తలేదు. చార్జిషీటు వచ్చినది. డిఫెన్స్ హెల్పర్లుగా మేమే అతనికి సమాధానం వ్రాసి ఇచ్చాము. కుటుంబం పెద్దదని, సర్వీసులో మచ్చ లేదని, దయ చూడవలెనని వ్రాశాము. అతని ఇంక్రిమెంటు ఆగిపోయినది. ఎన్ని రాత్రులు వరుసగా అతనిచేత పని చేయించారు? అంతకు ముందు పగటివేళ అతడు ఎన్ని గంటలు నిద్రించగలిగాడు? తప్పు రాత్రి ఏ గంటకు జరిగినది? ఈ మూడు ప్రశ్నలు మేము వేయలేదు. వేయవలసి ఉన్నదని మాకు తెలియదు. కునుకు తీయుట అతని గుణదోషమని విచారణాధికారి భావించాడు. నిజం చెప్పవలెనంటే, మేమూ లోలోపల అట్లే భావించాము.

అది గుణదోషం కాదని చెప్పుటకు శాస్త్రం చాలాకాలం శ్రమించినది. 1729లో ఫ్రాన్సు దేశీయుడైన ద మైరాన్ అను ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి చూచాడు. సూర్యుడు కనబడకపోయినను ఆ మొక్క పగటి వేళకు ఆకులు విప్పి, రాత్రి వేళకు ముడిచినది. వేళను తెలిపే ఏర్పాటు ప్రాణి లోపలనే ఉండవచ్చునన్న ఆలోచనకు అది నాంది.

మనుషుల విషయం తేల్చుటకు మరి రెండు శతాబ్దాలు పట్టినది. 1938లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నెథానియెల్ క్లైట్‌మన్ తన విద్యార్థి బ్రూస్ రిచర్డ్‌సన్‌ను వెంట తీసుకొని, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో గల మామత్ గుహలో 32 రోజులు నివసించాడు. వెలుతురు, ఉష్ణోగ్రత మారని ఆ గుహలో ఇద్దరూ దినానికి 28 గంటలు అన్న లెక్కతో నిద్రించి మేల్కొనుటకు యత్నించారు. ఇరవైలలో ఉన్న విద్యార్థి దేహం ఆ కొత్త దినానికి సర్దుకున్నది. నలభై దాటిన గురువు దేహం సర్దుకొనలేదు. ఎంత ప్రయత్నించినను ఆయన దేహోష్ణోగ్రత 24 గంటలకు ఒకసారే పెరిగి తగ్గుతూ వచ్చినది. ఇద్దరు మనుషులతో సూత్రం కట్టరాదు, నిజమే. అయినను యాభై దాటిన మన సీనియర్ సోదరులు, వెనుకటివలె రాత్రులు సాగించలేకపోతున్నామని చెప్పినప్పుడు, అది సోమరితనమని కొట్టివేయరాదని ఆ గుహ మనకు గుర్తు చేయుచున్నది.

ఆ క్లైట్‌మన్ ప్రయోగశాలలోనే యూజీన్ అసెరిన్‌స్కీ అను మరొక పరిశోధక విద్యార్థి పనిచేశాడు. పాతబడి మూలనున్న యంత్రమొకటి బాగుచేసుకొని, తన ఎనిమిదేళ్ళ కుమారుని కనురెప్పల వద్ద తీగలు అంటించి, రాత్రంతా మేల్కొని పరీక్షించాడు. నిద్రలో కొన్ని వేళల కనుగ్రుడ్లు వేగంగా కదులుచున్నవని, ఆ సమయంలో మెదడు చురుకుగా పనిచేయుచున్నదని కనుగొన్నాడు. 1953లో ఆ ఫలితం ప్రకటించబడినది. నిద్ర అనగా దీపం ఆర్పినట్లు మెదడు ఆరిపోవుట అన్న భావన అంతటితో పోయినది. నిద్రలో దశలున్నవి, వాటికొక వరుస ఉన్నది, ఆ వరుసను మధ్యలో త్రుంచివేస్తే మనిషి అలసట తీరదు.

తరువాతి ఘట్టం మరింత ఆసక్తికరమైనది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీమోర్ బెంజర్ వద్ద రొనాల్డ్ కొనోప్కా అను విద్యార్థి చేరాడు. పండిన పండ్లపై ముసిరే చిన్న ఈగలు తెల్లవారు వేళ గూడు వీడి బయటికి వస్తాయి. ఆ వేళ తప్పిన ఈగల కోసం అతడు ఓపికగా వెదికాడు. మూడు రకాలు దొరికినవి. ఒకదానికి వేళాపాళా లేదు. ఒకదాని దినం 19 గంటలు. మరొకదాని దినం 28 గంటలు. ఈ మూడు మార్పులును ఒకే జన్యువులో జరిగినవని 1971లో గురుశిష్యులిద్దరూ ప్రకటించారు. ఆ జన్యువుకు 'పీరియడ్' అని పేరు పెట్టారు. ఒక్క జన్యువు ప్రవర్తనను శాసించగలదా అని ఆనాడు పెద్దలే సందేహించారు. ఆ జన్యువు పనిచేయు విధానాన్ని వివరించినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించినది. కొనోప్కా 2015లోనే మరణించాడు. మరణించిన వారికి ఆ బహుమతి ఇవ్వరు. పునాది తీసినవాని పేరు శిలాఫలకంపై కనబడకుండుట కార్మికులమైన మనకు కొత్త సంగతి కాదు గదా!

మన దేశం కూడా ఈ రంగంలో వెనుకబడి లేదు. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.కె. చంద్రశేఖరన్ ఈ శాస్త్రానికొక కేంద్రాన్ని నెలకొల్పాడు. గడియారం, సూర్యకాంతి, వార్తాపత్రిక ఏవీ చేరని గదిని నిర్మించి, అందులో స్వచ్ఛందంగా నివసించిన వారి నిద్రామేల్కొలుపులను పరిశీలించారు. ఆయన, మారిముత్తు, రాజన్ కలిసి 1981లో గబ్బిలాలపై ఒక పరిశోధన ప్రకటించారు. చీకటి గుహలో పంజరంలో ఉంచిన గబ్బిలం, చుట్టూ తోటి గబ్బిలాలు స్వేచ్ఛగా వచ్చిపోవుచున్నంత కాలం వాటి వేళతో తన వేళను సరిచూచుకొన్నది. తోటి జీవులు లేనిచోట దాని వేళ క్రమంగా జారిపోయినది. ఇంటివారు లేచే వేళకు పడుకొని, వారు పడుకొనే వేళకు డ్యూటీ సంచి భుజాన వేసుకొను మనవారికి ఈ సంగతి చెప్పనవసరం లేదు.

ఇక ఈ కృషి అంతటి సారాంశం చెప్పెదము. మెదడులో, కంటినుండి వచ్చు నరాలు ఒకదానినొకటి దాటుచోటికి పైన, చిన్న కణ సముదాయమొకటి ఉన్నది. దేహానికి అదే ప్రధాన గడియారమని 1972లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా చూపినవి. మానవునిలో ఆ గడియారపు దినం 24 గంటలకన్న కొద్ది నిమిషాలు ఎక్కువ. ప్రతిదినం వెలుతురు దానిని సరిదిద్దుచుండును. తెల్లవారుజామున దేహోష్ణోగ్రత అన్నిటికన్న తక్కువగా ఉండి, ఆ వేళ చురుకుదనం కూడా అడుగంటును. మా గేట్‌మన్ సోదరుడు కునుకు తీసిన వేళ సరిగా అదే. పగలు పడుకొన్నవాడు, దేహం మేల్కొనమని చెప్పుచున్నందున, రాత్రి నిద్రకన్న కొన్ని గంటలు తక్కువ నిద్రించును. రాత్రి తర్వాత రాత్రి ఆ అప్పు పెరుగును. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని మన పెద్దలన్నారు. నిద్ర సుఖమెరుగకపోవచ్చును గాని, వేళ ఎరుగును.

ఇది అలసటతో ఆగిపోవు విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ, దేహ గడియారాన్ని చెదరగొట్టు షిఫ్టు పనిని 2007లో 'బహుశా క్యాన్సర్ కలిగించునది' అన్న 2ఎ వర్గంలో చేర్చినది. 2019లో రాత్రి షిఫ్టు పని విషయమై తిరిగి పరిశీలించి అదే వర్గాన్ని ఖాయపరచినది. రాత్రి పని చేయు ప్రతివారికీ ఆ వ్యాధి వచ్చునని దీని అర్థం కాదు. ఎవరూ బెదరవలసిన పనిలేదు. కాని గుండె జబ్బు, మధుమేహం వంటివాటితోను రాత్రి పనికి గల సంబంధాన్ని పరిశోధనలు చూపుచుండగా, దీనిని కేవలం భత్యపు ప్రశ్నగా చూచుట ఇక చాలదు.

భత్యం వద్దని మేము చెప్పుట లేదు. రాత్రి డ్యూటీ గంట ఒక్కింటికి పది నిమిషాల చొప్పున అదనపు విలువ కట్టు నియమం మన ఉద్యమ ఫలమే. అయితే 2020లో వచ్చిన ఉత్తర్వులు, మూలవేతనం 43,600 రూపాయలు దాటినవారికి ఆ భత్యాన్ని నిరాకరించినవి. దేహంలోని గడియారానికి మూలవేతనం ఎంతో తెలియదు! పే-స్లిప్పు చూచి నిద్ర తగ్గదు. ఈ వాదన మనకు శాస్త్రం అందించినది.

రైల్వేలలో పనిగంటలు, విశ్రాంతి గురించిన 2005 నాటి నిబంధనలు పనిని తీవ్రమైనదని, నిరంతరమైనదని, విడివిడిగా సాగునదని వర్గీకరించినవి. ఆ వర్గీకరణ పని బరువును తూచును. ఆ బరువు రాత్రి ఏ గంటన పడినదో తూచదు. 1974 మే 8న ఆరంభమైన చారిత్రాత్మక సమ్మె కోర్కెలలో పనిగంటల కోర్కె ఒకటి. గంటల సంఖ్య కోసం ఆనాడు మనవారు జైళ్ళకు వెళ్ళారు. గంటల సంఖ్యతోపాటు గంటల వేళను కూడా నేడు మనం అడుగవలసి ఉన్నది.

ఏమి అడుగవలెను? షిఫ్టుల మార్పు ఉదయం నుండి సాయంత్రానికి, సాయంత్రం నుండి రాత్రికి ముందుకు జరుగవలెను గాని వెనుకకు జరుగరాదు. మన గడియారపు దినం 24 గంటలకన్న కొంచెం పొడవు గనుక దానిని సాగదీయుట సులువు, కుదించుట కష్టం. 1982లో అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఒక లవణ ఖనిజ సంస్థ కార్మికులపై జరిగిన పరిశోధన దీనిని చూపినది. వారం వారం వెనుకకు మారుచున్న షిఫ్టులను ముందుకు మారునట్లు చేసి, మార్పుల మధ్య వ్యవధి పెంచగా, కార్మికుల సంతృప్తి, ఆరోగ్యం, చివరకు ఉత్పత్తి కూడా మెరుగుపడినవి. రెండవది, వరుస రాత్రుల సంఖ్య తగ్గవలెను. మూడవది, పగటివేళ నిద్రించుటకు రన్నింగ్ రూములును, విశ్రాంతి గదులును చీకటిగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉండవలెను. నాల్గవది, 1990లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 171వ ఒడంబడిక ప్రకారం, రాత్రి పనివారు కోరినప్పుడు ఖర్చు లేకుండా వైద్య పరీక్ష జరుగవలెను.

చివరిగా పరిశోధక విద్యార్థులను గురించి రెండు మాటలు. వారు కూడా శ్రామికులే. రాత్రంతా యంత్రం ముందు మేల్కొని, మన నిద్రను కొలుచు వారికి స్వంత నిద్ర లేదు. మన దేశంలో జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు 2023 జనవరి 1 నుండి నెలకు 31,000 రూపాయల నుండి 37,000 రూపాయలకు పెరిగినది. అది ఊరకే రాలేదు, విద్యార్థులు వీధికెక్కి అడిగిన తరువాతనే వచ్చినది. మన బిడ్డలు కొందరు ఆ ప్రయోగశాలలలో ఉన్నారు. వారి కోర్కెలకు మన మద్దతు ఉండవలెను. వారినుండి మనం ఆశించునదీ ఒకటి ఉన్నది. మనపై పరిశోధన చేయుటకు వచ్చినప్పుడు మన సమ్మతి తీసుకొనవలెను. మన పేర్లు అధికారులకు చేరరాదు. తేలిన ఫలితాన్ని మన భాషలో మనకు తిరిగి చెప్పవలెను.

మిత్రులారా, మా గేట్‌మన్ సోదరుడు రిటైరై చాలాకాలమైనది. అతనికి ఆగిన ఇంక్రిమెంటును మేము తిరిగి తేలేము. కాని మీ బ్రాంచిలో రేపు ఎవరికైనా ఇట్టి చార్జిషీటు వచ్చినచో, దయ చూడుమని ముందుగా వ్రాయవద్దు. ఎన్ని రాత్రులు వరుసగా? పగలు ఎన్ని గంటల నిద్ర? తప్పు ఏ గంటకు? ఈ మూడు ప్రశ్నలు ముందు వేయండి. రోస్టరు నకలు అడిగి ఫైలుకు జతచేయండి. మేము చేయలేకపోయిన పని మీరు చేయగలరని మా విశ్వాసం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!