వాకిట్లో నూనె చుక్క



"మోటారు సైకిలు సంగతి చెప్పడానికి ఆడవాళ్ళ కార్యక్రమమే దొరికిందా?" అని మా ఇంట్లోనే ఒకరు నవ్వారు. నవ్వనివ్వండి. బండి తోలేది మగవాళ్ళే కావచ్చు. కాని పొద్దున్నే లేచి ఆ బండి నిలబెట్టిన వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు పెట్టేది ఎవరు? మనమే కదా! బండికి నలత చేస్తే అందరికంటే ముందు ఆ సంగతి మన కంటనే పడుతుంది. కంటబడినా పట్టించుకోకపోతే ఏమవుతుందో నా అనుభవం చెప్పి, ఆ తరువాత మనం ఏం చేయవచ్చో చెబుతాను.

మాది కరీంనగర్. మా మామగారు సింగరేణి ఉద్యోగి. గోదావరిఖనిలో పనిచేసే రోజుల్లో, 1986లో, బుల్లెట్ మోటారు సైకిలు కొన్నారు. ఆయన రిటైరయ్యాక అది మావారి చేతికి వచ్చింది. ఒక వానాకాలం వాకిలి ఊడుస్తుంటే బండి కింద, ఎడమవైపున, రూపాయి బిళ్ళంత నూనె మరక కనబడింది. మర్నాడు మళ్ళీ అదే. మావారితో చెబితే, "బుల్లెట్ అన్నాక నూనె కారదా!" అని తేల్చేశారు. సరే, నేను రోజూ సబ్బుపొడి వేసి రుద్ది, దానిమీదే ముగ్గు వేసేదాన్ని. రెండు నెలలకు మరక పడటం మానేసింది. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను.

మరక ఎందుకు మానిందో అప్పుడు నాకు తెలియదు. కారడానికి లోపల ఇంక నూనె లేదు, అంతే!

కొద్ది రోజులకు ముగ్గురం, మావారూ నేనూ మా చిన్నపిల్లా, వేములవాడ రాజన్న దర్శనానికి బయలుదేరాం. దారిలో బండి లోపల ఏదో గలగలమని చప్పుడు. ఇంజను గట్టిగా అరుస్తోంది గాని బండి లాగడం లేదు. ఇంతలో ఫట్‌మని శబ్దం, బండి రోడ్డు నడిమధ్యనే నిలిచిపోయింది. వెనక లారీ వస్తోంది. ఆ డ్రైవరు ఎవరో పుణ్యాత్ముడు, బ్రేకు వేసి బారెడు దూరంలో ఆపాడు. పిల్లను గుండెలకు హత్తుకుని రోడ్డు పక్కకు వచ్చాక గాని నా కాళ్ళ వణుకు తగ్గలేదు.

బండిని విప్పిన పెద్ద మేస్త్రీ తెగిన చైను చేతిలో పట్టుకుని, "ఇది ఒక్కనాడు తెగింది కాదు బిడ్డా. నూనె లేక ఎండి ఎండి తెగింది. కింద మరక పడుతలేదా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చైను, క్లచ్ ప్లేట్లు, ఇంకా ఏవేవో కలిసి నెల సరుకుల ఖర్చంత బిల్లు అయింది. అదే మొదట్లో చూసుకుని ఉంటే గిన్నెడు నూనెతో, ఒక రబ్బరు పట్టీతో పోయేది.

ఆయన చెప్పినదంతా నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. అదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

బుల్లెట్ ఇంగ్లండులో పుట్టిన బండి. 1955 నుంచి మద్రాసులో మన దేశపు కంపెనీగా తయారీ మొదలైంది. ఆ పాత పద్ధతి ఇంజను దాదాపు 2010 దాకా వచ్చింది. అందులో నూనె మూడు చోట్ల వేర్వేరుగా ఉంటుంది: ఇంజనులో ఒకటి, గేరు పెట్టెలో ఒకటి, ఎడమవైపున్న పొడవాటి అల్యూమినియం డబ్బాలో ఇంకొకటి. ఈ మూడోదాన్నే ప్రైమరీ చైన్ కేసు అంటారు. వెనక చక్రం దగ్గర బయటికి కనిపించే చైను వేరు, ఇది వేరు. ఇంజను బలాన్ని క్లచ్ దాకా మోసుకుపోయే చైను ఈ డబ్బాలో తిరుగుతుంది. క్లచ్ కూడా అందులోనే ఉంటుంది. ఇంజనులో నిండుగా నూనె ఉన్నా దీనికి చుక్క కూడా రాదు. మా తప్పు అక్కడే జరిగింది. మావారు ఇంజను నూనె చూసి, అన్నీ బాగున్నాయనుకున్నారు.

ఈ డబ్బా మూతను నడుమ ఒకే ఒక నట్టు పట్టి ఉంచుతుంది. చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. మన ప్రెషర్ కుక్కరు రింగు లాంటిదే అనుకోండి. రింగు గట్టిపడితే కుక్కరు ఆవిరి వదులుతుంది, ఇక్కడ పట్టీ గట్టిపడితే నూనె వదులుతుంది. నూనె కారుతున్నదని నట్టును ఇంకా ఇంకా బిగిస్తే మూత వంకరపోతుంది గాని కారడం ఆగదు. పట్టీ మార్పించాలి.

ఇక నూనె చూసే పద్ధతి. బండిని చదునైన నేలమీద పెద్ద స్టాండు వేసి నిలబెట్టాలి. పక్క స్టాండు మీద బండి ఎడమకు వాలుతుంది, కొలత తప్పు చూపిస్తుంది. ఇంజను ఆపి, తాళం తీసి మీ దగ్గర పెట్టుకోండి. వేడి చల్లారనివ్వండి. చీర చెంగు నడుముకు దోపుకుని, వంటకు వాడని పాత పళ్ళెం ఒకటి కింద పెట్టండి.

చైన్ కేసు మీద కింది భాగంలో చిన్న మర ఒకటుంటుంది. అది నూనె మట్టం చూపే మర. దాన్ని మెల్లగా విప్పండి. కొంచెం నూనె సన్నగా జారి ఆగిపోతే మట్టం సరిగ్గా ఉన్నట్టు. బొట్టు కూడా రాకపోతే తక్కువైనట్టు. ధారగా వస్తూనే ఉంటే ఎక్కువైనట్టు, ఆగేదాకా కారనివ్వండి.

తక్కువైతే, పైన ఉన్న పెద్ద మూత తీసి, చిన్న గరాటు పెట్టి కొద్దికొద్దిగా పోయండి. కింది రంధ్రం నుంచి నూనె రావడం మొదలుకాగానే పోయడం ఆపేయండి. జారడం ఆగాక మర బిగించండి. దాని కింది వాషరు మరిచిపోకండి. అల్యూమినియంలో మరలు తొందరగా అరుగుతాయి, కాబట్టి బలమంతా పెట్టి బిగించకండి. డబ్బా పూర్తిగా ఖాళీ అయినా పట్టేది అర లీటరు లోపే.

ఇక్కడ మనకు ఒక అలవాటు అడ్డు వస్తుంది. మామిడికాయ తొక్కు జాడీలో ముక్కల మీద నూనె తేలకపోతే మనకు నిద్ర పట్టదు. చైన్ కేసుకు ఆ లెక్క పనికిరాదు. కింది వరస చైను నూనెలో తడిస్తే చాలు, తిరిగేటప్పుడు అదే పైకి మోసుకుపోతుంది. నిండా పోస్తే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుని విడిపోవు. గేరు కటకటమంటుంది, న్యూట్రల్ పడదు.

ఏ నూనె పోయాలన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆటోమేటిక్ గేర్ల కార్లకు వాడే ఎర్రటి పలచని నూనెను, ఏటీఎఫ్ అంటారు, చాలామంది దీనికి వాడతారు. ఇంట్లో మిగిలింది కదా అని కార్ల ఇంజను నూనె మాత్రం పోయకండి. వాటిలో కొన్నింటికి జారుడు గుణం పెంచే మందులు కలుపుతారు. వాటితో క్లచ్ పట్టు తప్పి, ఇంజను అరుస్తుంది గాని బండి ఎత్తు ఎక్కదు.

కారిన నూనె రంగు కూడా చూడండి. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు చేరినట్టు. పోసిన దానికంటే మట్టం పెరుగుతూ ఉంటే ఇంజను నూనె సీలు దాటి ఇటు వస్తున్నట్టు. ఈ మూడింటిలో ఏది కనిపించినా మేస్త్రీకి చూపించండి. "బండి బాగా లేదు" అనకుండా, చూసింది చూసినట్టు చెప్పండి. అప్పుడు ఆయన కూడా అనవసరంగా అన్నీ మార్చమనలేడు. తీసిన పాత నూనె మోరీలోనో చెట్టు మొదట్లోనో పోయకుండా సీసాలో పట్టి షెడ్డులో ఇచ్చేయండి.

మీ ఇంట్లో కొత్త బుల్లెట్ ఉంటే ఇంత పని లేదు. వాటిలో ఇంజనుకూ గేర్లకూ క్లచ్‌కూ ఒకటే నూనె. అయినా ఆ ఒక్కటైనా చూడాలి కదా!

మావారు తరువాత దుబాయి వెళ్ళారు. మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. బండి ఇంట్లో, బండి సంగతి తెలిసిన మనిషి సముద్రం అవతల. ఇప్పుడు ఆ బుల్లెట్ మా అబ్బాయి నడుపుతున్నాడు. నెలకోసారి, దూర ప్రయాణం ఉంటే ముందు రోజు, నేనే మర విప్పి చూస్తాను. రాత్రిపూట బండి కింద ఒక అట్టముక్క పరుస్తాను. తెల్లారి దానిమీద మరక పడితే, అది ఎడమ కాలు పెట్టే చోటి కిందనా, ముందు చక్రం దగ్గరా, వెనక చైను కిందనా అని చూసి మా వాడికి చెబుతాను. వాడు మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు బయటికి వెళ్ళేముందు, "అమ్మా, అట్ట చూసినవా?" అని వాడే అడుగుతాడు.

కనుక సోదరీమణులారా, రేపు పొద్దున వాకిట్లో నూనె చుక్క కనబడితే వెంటనే కడిగేయకండి. ఒక్క నిమిషం నిలబడి, ఎక్కడ పడిందో చూడండి. రోజూ పడే చుక్క ఉన్నట్టుండి మానేస్తే మరీ జాగ్రత్తగా చూడండి. ఆ తరువాతే ముగ్గు.