గేటు లోపలికి పోకముందే మన గుట్టు

(షోలాపూర్ మిల్లు, పవర్‌లూమ్ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పగార్ గురించి, బోనస్ గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు పగార్ మొదలు కాకముందు జరిగే సంగతి చెబుతాను. పని అడగడానికి గేటు దగ్గరకు పోయిన మనిషిని యజమాని ఏమేమి అడగవచ్చు? తీసుకున్న కాగితాలు చివరకు ఎక్కడికి పోతాయి?

నా సంగతే వినండి. పాత మిల్లు మూతపడ్డాక ఇంకో కార్ఖానాకు పోయాను. గుమాస్తా నాలుగు పేజీల ఫారం ఇచ్చాడు. పేరు, వయసు, ఎన్ని సాంచాలు నడిపావు అన్నంత వరకు సరే. ఆ తరువాత కులం, ఇంట్లో జబ్బులు, అప్పులు, ఏ సంఘంలో ఉన్నావు, సమ్మె చేశావా అని గళ్లు. చివర తెల్ల కాగితం మీద సంతకం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు. ఇంట్లో పొయ్యి వెలగాలి గనుక అన్నీ ఇచ్చాను. పని రాలేదు. కాగితాలూ తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఆ గేటు ముందున్న కొట్టులో భజీలు కొంటే, పొట్లం కట్టిన కాగితం ఎవరిదో దరఖాస్తు! ఫోటోతో సహా ఉంది. ఆ భజీ గొంతు దిగలేదు.

మనుషులను జల్లెడ పట్టడం మిల్లుల్లో కొత్త కాదు. వెనుక జాబర్ ఉండేవాడు. ఊరు, కులం, చుట్టరికం చూసి, మామూలు పుచ్చుకుని పనిలో పెట్టేవాడు. 1935లో బొంబాయి మిల్లుల్లో బదిలీ కార్మికులకు కార్డుల పద్ధతి పెట్టింది ఆ పెత్తనాన్ని తగ్గించడానికే. అయినా జాబర్ మనసులో ఉన్నది జాబర్‌తోనే పోయేది. కంప్యూటర్‌లోకి ఎక్కినది అలా పోదు. ఒక గేటు నుంచి పది గేట్లకు పాకుతుంది.

ఇది ఉత్త భయం కాదు. ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. 2009లో అక్కడి ప్రభుత్వ సమాచార రక్షణ అధికారులు ఒక చిన్న ఆఫీసు మీద దాడి చేశారు. 3,213 మంది నిర్మాణ కార్మికుల పేర్లతో రహస్య జాబితా దొరికింది. ఫలానావాడు సంఘం మనిషి, ఫలానావాడు భద్రత లేదని ఫిర్యాదు చేశాడు అని అందులో రాసి ఉంది. 44 కంపెనీలు డబ్బు కట్టి ఆ పేర్లు చూసుకునేవి. తమకు పని ఎందుకు దొరకడం లేదో తెలియకుండానే ఎందరో ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చున్నారు. జాబితా నడిపినవాడికి పడిన జరిమానా 5,000 పౌండ్లు. కార్మికులు సంఘాలతో కలిసి పోరాడితే, 2016లో పెద్ద కంపెనీలు వారికి పరిహారం ఇవ్వడానికి ఒప్పుకున్నాయి.

యజమానికి ఏ హక్కూ లేదని నేను అనను. వయసు చూడాలి, పసిపిల్లలను సాంచా దగ్గర నిలబెట్టకూడదు. పనితనం చూడాలి, ఒక గంట నడిపిస్తే తెలిసిపోతుంది. పనికీ ప్రశ్నకూ ముడి ఉంటే జవాబు చెబుదాం. ముడి లేకపోతే ఎందుకని అడుగుదాం.

అలా నిలదీస్తే ఫలితం ఉంటుంది. జీవిత బీమా సంస్థ ఒకప్పుడు ఉద్యోగానికి వచ్చే స్త్రీలను నెలసరి సక్రమంగా వస్తోందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని రాసిమ్మనేది. ప్రసూతి సెలవు తీసుకున్న ఒకామెను ప్రొబేషన్‌లోనే తీసేశారు. ఫారంలో తప్పు వివరం రాసిందని సంస్థ వాదించింది. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి పనిలోకి తీసుకోమంది. ఆ గళ్లను ఫారంలోంచి కొట్టెయ్యమంది. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యోగానికి షరతుగా హెచ్.ఐ.వి. పరీక్ష పెట్టకూడదు. అదే ఏడాది ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు. బాగానే ఉంది. కాని అందులో ఒక కంత ఉంది. "ఉద్యోగ అవసరాల" కోసమైతే మన సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చు. సమ్మతితో ఇచ్చిన సమాచారాన్ని దిద్దమనీ, చెరిపెయ్యమనీ అడగవచ్చు. ఈ దారిన తీసుకున్నదానికి ఆ హక్కు కూడా వర్తించదు. యజమానులు ఈ కంతలోంచి దూరకుండా చూసుకోవలసింది మనమే.

అందుకని కొన్ని జాగ్రత్తలు చెబుతాను. తెల్ల కాగితం మీద సంతకం పెట్టవద్దు. అసలు సర్టిఫికెట్లు చూపించండి, వదిలి రావద్దు. ప్రతి నకలు మీద తేదీ, "ఫలానా కార్ఖానాలో దరఖాస్తు కోసం మాత్రమే" అని అడ్డంగా రాయండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్‌ను ఆ సంస్థే ఇస్తుంది; గేటు దగ్గర అది చాలు. పనిలో చేరాక పి.ఎఫ్. కోసం ఆధార్ ఇవ్వడం వేరే సంగతి. పి.ఎఫ్. పాస్‌బుక్కు తెరిస్తే ఎక్కడెక్కడ పనిచేశారో తెలిసిపోతుంది. దాని పాస్‌వర్డు గాని, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. గాని గుమాస్తాకు చెప్పవద్దు. ఫారంలో అబద్ధం రాయవద్దు. రేపు అదే మన మెడకు చుట్టుకుంటుంది. పనికి సంబంధం లేని గడిని ఖాళీగా వదలండి.

"గడి ఖాళీగా వదిలితే పని ఎవరిస్తాడు?" అని మీరు అడుగుతారు. నిజమే. ఒక్కడు వదిలితే గేటు బయటే ఉంటాడు. ఆ రోజు నేను నింపింది అందుకే. అందరి ఫారాల్లో ఆ గడి ఖాళీగా ఉంటే యజమాని సాంచాలు ఎవరితో నడిపిస్తాడు?

కాబట్టి సంఘం తరఫున నాలుగు కోర్కెలు పెడుతున్నాం. దరఖాస్తు ఫారం ఒక్క పేజీ ఉండాలి. సంఘం, కులం, గర్భం గురించి ప్రశ్నలు ఉండకూడదు. పని ఇవ్వనివారి కాగితాలు వారికే తిరిగి ఇవ్వాలి. ఎవరి మాట విని పని నిరాకరించారో ఆ మాట కార్మికుడికి చూపించాలి. మీ దగ్గర ఏ కార్ఖానా ఫారం ఉన్నా, పేరు కొట్టేసి, సంఘం ఆఫీసుకు తెచ్చి ఇవ్వండి. వాటిని ముందు పెట్టుకుని యజమానులతో మాట్లాడతాం.

మన చేతి పని అమ్ముకోవడానికి పోతున్నాం, మన ఇంటి గుట్టు అమ్ముకోవడానికి కాదు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!