ప్రైవేటు కళాశాలలు – మన విద్యార్థులు
(సంఘ వార్షిక మహాసభయందుఁ గావించిన యుపన్యాసము)



ఇంటర్మీడియెటు ముగించిన మన పిల్లలకు ప్రైవేటు విద్యాలయములను బరిచయము చేయుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ఈ సంచికను తిరుగవేసినచో నట్టి పరిచయములు కావలసినన్ని కనఁబడును. పూర్తిపుటల ప్రకటనలిచ్చి సంఘమును బోషించిన యా సంస్థాధిపతులకు నేనును గృతజ్ఞుఁడనే. కాని ప్రకటన వేఱు, పరిచయము వేఱు. ప్రకటనలో భవనము కనఁబడును. అందుఁ జదివి వెలువడినవాని స్థితి కనఁబడదు.

పూర్వము మన చిక్కు వేఱు. ఈ పాతబస్తీలో జనులు విద్యకై స్వయముగాఁ బూనుకొనినందుకు యాకుత్‌పురాలోని ధర్మవంత్ పాఠశాల యుదాహరణము. 19వ శతాబ్దపు టుత్తరార్ధమున మాల్వాలా కాయస్థవంశీయులగు రాజా మురళీమనోహర్ బహద్దరువారు దానిని స్థాపించిరి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడినది. అందు బోధన యుర్దూలో సాగుటచేఁ దెలుఁగుబిడ్డలపై రెండు భాషల బరువు పడెను. ఆ సంవత్సరమే రెడ్డి హాస్టలు వెలసెను. పిమ్మట నితర కులములవారును వసతిగృహములు నెలకొల్పిరి. అప్పుడు కళాశాలలు వ్రేళ్లపై లెక్కింపఁదగినవి. పల్లెనుండి వచ్చిన బాలునకుఁ దలదాఁచుకొను చోటును, రెండుపూఁటల కూడును గల్పించినఁ జాలును. నేఁడు కళాశాలలకుఁ గొఱఁతలేదు, ఎన్నుకొనుటయే కష్టమైనది.

మొట్టమొదట నడుగవలసినది, పట్టా నిచ్చువా రెవ్వరని. 1956నాఁటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టము ప్రకారము సామాన్యమైన ప్రైవేటు కళాశాల తన పేరఁ బట్టా నీయఁజాలదు. ఉస్మానియాకో, జె.ఎన్.టి.యు.కో యది యనుబంధమై యుండవలెను. స్వయంప్రతిపత్తి గలదని చాటుకొను కళాశాలకును నిదియే నియమము. తెలంగాణమున 2018లోఁ బ్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము వచ్చినది. 2020లోఁ దొలుత మహీంద్రా, వాక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్.ఆర్. అను నయిదింటికి అనుమతి దొరకెను. ఇవి తమ పట్టాలను దామే యిచ్చును. అనుబంధ వృత్తివిద్యా కళాశాలల రుసుమును బ్రభుత్వము నియమించిన సంఘము పరిశీలించును గాన, ఈ రెండు తెగల వ్యయమును దూఁచిచూచునపుడు తొందర కూడదు.

ఇంజనీరింగు కళాశాలలో నూటికి 70 సీట్లు కన్వీనరుద్వారా నిండును, 30 యాజమాన్యమువారివి. యాజమాన్యపు సీటునకుఁ బ్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు వర్తింపదు. ఈ యొక్క మాట నెఱుఁగక యెన్ని కుటుంబములు ఋణములపాలైనవో! డిగ్రీ సీట్లలో నధికభాగము 2016నుండి దోస్త్ ద్వారా నిండుచున్నవి. కంచన్‌బాగులో 1984లో స్థాపింపఁబడిన దక్కన్ వైద్యకళాశాల మన యిండ్లకు సమీపమే యైనను, నీట్ పరీక్షయందు ర్యాంకు రానిదే యా తలుపు తెఱువఁబడదు. అది యల్పసంఖ్యాకుల సంస్థ యగుటచే సీట్ల విభజనయు వేఱు.

ఇఁక నా హృదయమును గలఁచిన సంగతి వినుఁడు. గౌలిపురాలోని నా బంధువు కూఁతురు ఇంజనీరింగు మంచి మార్కులతో ముగించి యుద్యోగమును సంపాదించెను. ఫీజు రీయింబర్సుమెంటు సొమ్ము రాలేదని కళాశాలవారు మూలపత్రముల నీయరైరి. ఆ సంస్థ పేరు చెప్పను. మూలపత్రములను బట్టియుంచుకొనఁ గూడదని 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించినది. ఆ కాగితమును జూపినను బని జరగలేదు. ఉద్యోగములోఁ జేరవలసిన గడువు మాత్రము దగ్గఱపడెను. తుదకు తల్లి పుస్తెలత్రాడు కుదువకుఁ బోయినది. ఆ తల్లి నాకు వదిన వరుస. "చదువుకు బంగారము పోయిననేమి, మరిదీ?" యని నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

కావునఁ దల్లిదండ్రులారా! చేరుటకు ముందే బిడ్డను వెంటఁబెట్టుకొని పనిదినమున కళాశాలకుఁ బోవుఁడు. ఉత్సవదినమునఁ బోయినఁ దోరణములే కనఁబడును. ప్రయోగశాలలో దుమ్మున్నదా, పిల్లలున్నారా చూడుఁడు. ఇబ్రహీంపట్నము, ఘట్‌కేసరు, మొయినాబాదులకు ఛత్రినాకనుండి పోయివచ్చుటకుఁ బట్టు కాలమును, బస్సు రుసుమును వేఱుగా లెక్కింపుఁడు. రెండు గంటలు త్రోవలోఁ గడపిన బాలిక యింటికి వచ్చి యేమి చదువఁగలదు? మూసీయొడ్డున 1921లోఁ గట్టిన భవనమందు సిటీ కళాశాల యున్నది. అది ప్రభుత్వపుదని చులకన చేయువారు మనలోఁ బెక్కురు. ఒకమాఱు దానినిఁ జూచి, పిదపఁ బ్రైవేటు మాట తలఁపుఁడు.

పోషకమహాశయులకు నా విన్నపము రెండు. విద్యార్థివేతనముల నిధిలోఁ గొంత భాగమును మూలపత్రములు చిక్కుకొనిన పిల్లలకు వడ్డీలేని యప్పుగా నిచ్చుటకై వేఱుగా నుంచవలెను. మఱియు, నేయే కళాశాలయందు మన పిల్లలు చదివిరో, ఎంత చెల్లించిరో, పత్రములెప్పుడు చేతికి వచ్చెనో వారి నోటనే విని వ్రాయు పుస్తక మొకటి కార్యాలయమందుండవలెను. మొదటి పుటను వ్రాయుటకు గౌలిపురా బాలిక యంగీకరించినది. ఈ సాయంకాలమే సభాస్థలికి వచ్చుచున్నది.