క్రిస్మస్ పాటలు - వాటి పుట్టుక
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, బి.కొత్తకోట)



డిసెంబరులో మన వైపు రెండు రకాల పాటలు వినబడతాయి. తెల్లవారుజామున ధనుర్మాసపు తిరుప్పావై, పొద్దుపోయాక క్రైస్తవ సోదరులు ఇల్లిల్లూ తిరిగి పాడే కేరల్స్. హార్సిలీ కొండల చలికి మఫ్లరు చుట్టుకుని రెండూ వినే వయసు మనది. మొదటిదాన్ని గురించి చెప్పే పెద్దలు చాలామంది ఉన్నారు గనుక రెండోదాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

'కేరల్' అన్న మాట ఫ్రెంచి 'కరోల్' నుంచి వచ్చింది. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆటపాట అది. మన గొబ్బిపాటకు దగ్గరి చుట్టమన్నమాట. మొదట్లో దానికి క్రిస్మస్‌తో ప్రత్యేక సంబంధం లేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో సెయింట్ ఫ్రాన్సిస్ ఎద్దును, గాడిదను నిలిపి క్రీస్తు జననాన్ని జనానికి కళ్లకు కట్టించాడు. ఆయన శిష్యులు లాటిన్ రాని వారికి వారి భాషలోనే భక్తిపాటలు అందించారు. ఇది అందరికీ రుచించలేదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్ పండుగనే రద్దు చేసింది. ఉత్తర్వులతో పాట ఆగుతుందా? జీ.వో.లతో బతికిన మనకు తెలియనిదా!

'సైలెంట్ నైట్' పాట 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో తొలిసారి పాడారు. మాటలు జోసెఫ్ మోర్ అనే పాదిరివి, వరుస బడిపంతులు గ్రూబర్‌ది, వాద్యం గిటారు. చర్చి ఆర్గన్‌ను ఎలుకలు కొరికాయన్న కథకు మాత్రం ఆధారం లేదు.

ఇక మన సంగతి. మదనపల్లెలో 1863 నుంచి ఆర్కాట్ మిషను డాక్టరు జేకబ్ చాంబర్లేన్ పనిచేశారు. దొరల వరుసలకు తెలుగు మాటలు అతికిస్తే పాట నడక కుంటుతుంది. ఆ ఇబ్బంది లేకుండా రాసినవారు పురుషోత్తమ చౌదరిగారు (1803-1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం స్వీకరించి, మన సంగీత పద్ధతిలోనే వందకు పైగా కీర్తనలు కట్టారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగం, తాళం కనబడతాయి. నేను క్రైస్తవుణ్ణి కాను గాని, వీధిలో ఆ కీర్తన వస్తే వాకిట్లోకి వచ్చి నిలబడతాను.

అయితే ఒక చిక్కుంది. మామూలు ప్రతుల్లో రాగం పేరుంటుంది, స్వరం ఉండదు. పాత వరుస పెద్దల గొంతుల్లోనే ఉంది. ఇప్పుడు ఆటోమీద స్పీకరు కట్టి, రికార్డు పాట వేసుకుని తిరిగే పిల్లలు ఎక్కువయ్యారు. వారికి పాత వరుస చెప్పేవారేరి? 1919లో ఠాగూరుగారు మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు 'జనగణమన' వరుసను మార్గరెట్ కజిన్స్ స్వరాలతో కాగితం మీద పెట్టించారు. ఆ పని ఈ కీర్తనలకూ జరగాలి.

మన సంఘంలో పాత వరుసలు వచ్చిన అమ్మలు, అయ్యలు ఉన్నారు. డెబ్భై, ఎనభై దాటినవారు. దయచేసి పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. సెల్‌ఫోనులో రికార్డు చేసే పని మనవలు చూసుకుంటారు. స్వరం రాయడానికి రిటైరైన సంగీతం టీచర్లను అడుగుదాం. ఈ డిసెంబరులోగానే మొదలుపెడదాం.

సెలవు.