మా మనిషిని చూపించండి

(బెల్లంకొండలో మన యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటలు. రాలేకపోయిన వాళ్లు చదువుతారని ఇక్కడ పెడుతున్నాను.)



ఇవాళ హెబియస్ కార్పస్ గురించి మాట్లాడతాను. పేరు చూసి భయపడకండి. డిగ్రీలో ఐదు మార్కుల ప్రశ్నకని నేనూ బట్టీ పట్టినదే. దాని అర్థం నాకు తెలిసింది మాత్రం మా అమ్మమ్మ వల్ల.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక రైతు పొలంలో కరెంటు మోటారు పోయింది. ఆ రాత్రే జీపు వచ్చి మా మేనమామను ఎక్కించుకుపోయింది. ఎందుకో చెప్పలేదు, ఎక్కడికో చెప్పలేదు. ఎరుకలోళ్ల ఇల్లు కదా, చెప్పాల్సిన పని లేదనుకున్నారు. అమ్మమ్మ మూడు రోజులు క్యారేజీలో అన్నం కట్టుకుపోయి స్టేషను బయట వేపచెట్టు కింద కూర్చుంది. "ఆ పేరు గలోడు ఇక్కడ లేడు, పో" అన్నారు. నాలుగో రోజు మామ కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. కేసు లేదు, కాగితం లేదు. రికార్డు ప్రకారం ఆ మూడు రోజులు ఆయన్ని ఎవరూ పట్టుకోనేలేదు.

అమ్మమ్మ అడిగింది ఒక్కటే మాట: "మావోడు ఎక్కడున్నాడో చూపించండయ్యా." మిత్రులారా, హెబియస్ కార్పస్ అంటే అదే. మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టు, ఏ చట్టం కింద పట్టుకున్నావో చెప్పు, చెప్పలేకపోతే వదిలెయ్ అని కోర్టు ఇచ్చే ఆజ్ఞ. మా అమ్మమ్మ ప్రశ్న సరైనదే. అడిగిన గుమ్మమే తప్పు. పట్టుకుపోయినవాణ్ణే అడిగింది. అడగాల్సిన గుమ్మం వేరే ఉందని మాలో ఎవరికీ తెలియదు.

ఆ రెండో గుమ్మాన్ని కూడా మూసేసిన రోజులు ఈ దేశంలో ఉన్నాయి. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. రెండు రోజులకే, జూన్ 27న, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 14, 21, 22 అధికరణల కింద ఉన్న హక్కుల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లకూడదని దాని సారాంశం. బతికే హక్కు, స్వేచ్ఛగా ఉండే హక్కు అందులోవే. ఎమర్జెన్సీ నడిచిన 21 నెలల్లో లక్షా పది వేల మందికి పైగా జైళ్లకు వెళ్లారని తర్వాత షా కమిషన్ లెక్క తేల్చింది.

మన తెలుగు నేల మీద ఏం జరిగింది? ఎమర్జెన్సీ పెట్టిన నెల రోజులకే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చి చంపారు. ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకెళ్లి చంపారని పౌరహక్కులవాళ్లు అన్నారు. ఎమర్జెన్సీ పోయాక ఆ కాల్పుల మీద భార్గవ కమిషన్ వేయాల్సి వచ్చింది. మనిషి కనపడకుండా పోయిన మొదటి రోజే గట్టిగా అడిగే దారి లేకపోతే ఏమవుతుందో చూడండి.

అయినా కొందరు కోర్టులకు వెళ్లారు. అనేక హైకోర్టులు వాళ్ల మాట విన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. విచారణలో జస్టిస్ ఎచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను ఒక ప్రశ్న అడిగారు. ఒక పోలీసు సొంత పగతో ఒక మనిషిని చంపితే, అప్పుడైనా కోర్టుకు రావచ్చా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదనే జవాబు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న తీర్పు. ఐదుగురు జడ్జీల్లో నలుగురు ప్రభుత్వం వైపు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడు ప్రధాన న్యాయమూర్తి కావలసిన ఆయన్ని పక్కనబెట్టి, ఆయన కంటే జూనియర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఖన్నా రాజీనామా చేసి వెళ్లిపోయారు.

తర్వాత దేశం ఆ తప్పు దిద్దుకుంది. 1978లో చేసిన 44వ సవరణ ప్రకారం ఏ ఎమర్జెన్సీలోనూ 20, 21 అధికరణలను ఆపడానికి వీల్లేదు. 2017లో తొమ్మిది మంది జడ్జీల బెంచి ఆ పాత తీర్పు తప్పని చెప్పి కొట్టేసింది.

పుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. మన కథ అవదు.

ఎందుకంటే మనకు ఆ గుమ్మం 1975లో మూసుకోలేదు. అంతకు చాలా ముందే మూశారు. తెల్లోళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఎరుకల బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే, ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఆనాడు ఏ ఎమర్జెన్సీ ఉంది? మన పుట్టుకే వాళ్లకు ఎమర్జెన్సీ.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. అలవాటు పోయిందా? మోటారు పోతే జీపు ఎటు తిరుగుతుందో మీకు నేను చెప్పాలా?

'జై భీమ్' సినిమా మీరంతా చూశారు. అందులో ఇరుల కుటుంబంగా చూపించారు. అసలు కేసులో, 1993లో తమిళనాడులో, పోలీసుల చేతిలో చనిపోయినవాడు కురవ కులం కూలీ. కురవలు, మన ఎరుకలు ఒకే వేరు కొమ్మలు. ఆయన భార్య అడగడం ఆపలేదు. చంద్రు అనే లాయరు మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. లాకప్ నుంచి పారిపోయాడన్న కట్టుకథ అక్కడే బద్దలైంది. మనిషి తిరిగి రాలేదు. కానీ ఏళ్ల తర్వాతైనా పోలీసులకు శిక్ష పడింది.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. ఈ హక్కును ఇప్పుడు ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు వేసి తీసేయలేదు. అడిగేవాడు లేని వాడలో మాత్రం ఉత్తర్వు లేకుండానే ఆగిపోతుంది. అడగడం ఎలాగో నేర్చుకుందాం.

ఒకటి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అందుకే జీపు వచ్చిన టైము, బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు వెంటనే రాసిపెట్టండి. ఫోన్లు రీల్స్‌కేనా?

రెండు. హెబియస్ కార్పస్ పట్టుబడ్డవాడే వేయక్కర్లేదు. తల్లి వేయొచ్చు, పెళ్లాం వేయొచ్చు, స్నేహితుడు వేయొచ్చు. 226వ అధికరణ కింద మన హైకోర్టులో, అమరావతిలో. తిహార్ జైల్లో తోటి ఖైదీకి జరిగిన హింస గురించి ఒక ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకుంది.

మూడు. లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఎస్టీలకు, ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయండి.

నాలుగు. సారా కేసులని పీడీ యాక్టు పెడితే, విచారణ లేకుండానే ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. దాన్ని సవాలు చేసేదీ హెబియస్ కార్పస్‌తోనే.

ఒక్కటి దాచకుండా చెప్తా. పిటిషన్ పడిందని తెలియగానే అప్పటికప్పుడు అరెస్టు చూపించి కాగితాలు రాసేస్తారు. అప్పుడు ఆ పిటిషన్ అక్కడితో ముగిసిపోవచ్చు. ముగిసిపోనివ్వండి. ఆ కాగితం మీద మనవాడి పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. ఇక అతను లేడని ఎవడూ అనలేడు. తర్వాత బెయిలు కొట్లాట కొట్లాడుకుందాం.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. మామ కాలు ఇప్పటికీ చలికాలం లాగుతుంది. ఆ మూడు రోజుల్లో మా వాడలో ఒక్కరికి ఈ నాలుగు ముక్కలు తెలిసుంటే ఎలా ఉండేదోనని అప్పుడప్పుడు అనుకుంటాను.

ప్రతి వాడకూ ఇద్దరు కావాలి, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. రాత్రి ఎవరి ఇంటి ముందు జీపు ఆగినా తెల్లారేలోపు ఫోన్లు చేసేవాళ్లు, కాగితం రాసేవాళ్లు. బెల్లంకొండ నుంచి మొదటి పేరు నాది రాసుకోండి. రెండో పేరు ఎవరిది?

జై భీమ్. జై ఆదివాసీ.